గేరులో లేదు, గాలిలో ఉంది

ఆదివారం సాయంత్రం ఓడలరేవు తీరంలోనో అంతర్వేది బీచ్‌లోనో కాసేపు నిలబడితే ఈ వినోదం కనబడుతుంది. ఖరీదైన కొత్త బండి ఒకటి అలల దాకా వెళ్ళాలని సరదాపడి రోడ్డు దిగుతుంది. కొంత దూరం బాగానే పోతుంది, తర్వాత బరువెక్కినట్టు నెమ్మదిస్తుంది. లోపలాయన యాక్సిలరేటరు తొక్కుతాడు. ఇంజను గర్జిస్తుంది, ఇసుక వెనక్కి ఎగజిమ్ముతుంది, బండి మాత్రం ముందుకు పోవడానికి బదులు కిందికి పోతుంది. ఇంతలో వలల మూటలు వేసుకున్న ట్రాక్టరు ఒకటి పక్కనుంచి తాపీగా సాగిపోతుంది. ఆ ట్రాక్టరు ఇంజను బలం ఈ బండి ఇంజనులో సగం కూడా ఉండదు. జనం మూగుతారు, తాడు కోసం ఎవరో పరిగెడతారు. ఆలోగా గట్టు మీదున్న పెద్దాయన ఒకరు చెప్పాల్సిన మాట చెప్పేస్తారు: "ముందు గాలి తియ్యండి బాబూ!"

టైర్లో గాలి తగ్గితే బండి భారంగా నడుస్తుందనీ, డీజిలు ఎక్కువ తాగుతుందనీ అందరికీ తెలుసు. పంక్చరు షాపులో 35 పీఎస్ఐ పెట్టించుకుని వచ్చిన గాలిని మనంతట మనమే సగానికి సగం వదిలేయమనడం వింతగానే ఉంటుంది. అయితే ఆఫ్రికాలో నమీబ్, కలహారి ఎడారుల్లో రోజుల తరబడి బండి నడుపుకుంటూ, దాని మీదే గుడారం వేసుకుని పడుకునే యాత్రికులు బయల్దేరే ముందు నేర్చుకునే మొదటి పాఠమూ ఇదే. వాళ్ళ సామానులో స్టెప్నీ ఒకటికి రెండుంటాయి, ఒక ఎయిర్ గేజీ, బ్యాటరీ మీద నడిచే చిన్న గాలి పంపు తప్పనిసరి. ఇసుక మొదలయ్యే చోట ఆగి గాలి తీస్తారు. గట్టినేల రాగానే మళ్ళీ ఆగి నింపుకుంటారు.

కోనసీమ అంటే కొబ్బరితోట, కాలువ, వరిచేను. ఇక్కడ ఎడారి ఊసు ఎందుకంటారా? మన కాళ్ళ కింద ఉన్నది చాలామటుకు గోదావరి మోసుకొచ్చిన ఇసుకా ఒండ్రూ. సముద్రం వెనక్కి జరిగిన కొద్దీ వదిలిపోయిన పాత తీరాల ఇసుక మెరకలు లోపలికి మైళ్ళ దూరంలో కూడా ఉన్నాయి, వాటి మీదే ఊళ్ళూ తోటలూ వెలిశాయి. పైగా రాజోలు, అమలాపురం వైపు నుంచి కువైట్, మస్కట్, దోహా వెళ్ళి డ్రైవర్లుగా పనిచేసి వచ్చినవాళ్ళకు ఇసుకలో గాలి తీసే సంగతి కొత్తేమీ కాదు. ఎందుకు తియ్యాలన్నదే అడగవలసిన ప్రశ్న.

గింజల లోకం

ఇసుక మెత్తనిది అంటాం కానీ ఇసుక రేణువు మెత్తనిది కాదు. ఎక్కువ భాగం క్వార్ట్జ్, ఉక్కు మీద గీత పెట్టగల రాయి. మెత్తదనం రేణువుల మధ్య ఖాళీలో ఉంది. ఒక కుంచంలో బియ్యం పోసి చూడండి. పోసిన వెంటనే వేలు గుచ్చితే సులువుగా దిగుతుంది. కుంచాన్ని నాలుగుసార్లు నేలకు తట్టండి. మట్టం కాస్త దిగుతుంది, ఈసారి వేలు దిగడం కష్టమవుతుంది. గింజలు అవే, ఎన్ని పోశామో అన్నే. మారింది సర్దుకున్న తీరు ఒక్కటే. వదులుగా పడి ఉన్న ఇసుకలో వందకు అరవై వంతులు కూడా రేణువులుండవు, మిగతాదంతా గాలి. బాగా సర్దుకుంటే అది అరవైనాలుగు దాకా వస్తుంది. చూడటానికి ఆ తేడా చిన్నదే. నిలబడే ఇసుకకూ కుంగే ఇసుకకూ మధ్య ఉన్న తేడా కూడా అంతే.

మనం పైనుంచి బరువు పెట్టినప్పుడు ఇసుక దాన్ని అంతటా సమానంగా మోయదు. కొన్ని రేణువులు ఒకదానికొకటి ఆనుకుని గొలుసులా ఏర్పడతాయి, బరువంతా ఆ గొలుసుల వెంబడి కిందికీ పక్కలకూ జారుతుంది. పక్కనే ఉన్న రేణువుల మీద దాదాపు ఏ భారమూ ఉండకపోవచ్చు. రేణువుల మధ్య ఒరిపిడి ఉన్నంతవరకూ గొలుసు నిలుస్తుంది. భారం హద్దు దాటినా, పక్కనుంచి కుదుపు వచ్చినా గొలుసు తెగి రేణువులు పక్కలకు తప్పుకుంటాయి, పైనున్నది కిందికి దిగుతుంది. కొంత లోతుకు పోయాక చుట్టూ ఉన్న ఇసుక బరువే అడ్డుగా నిలిచి మళ్ళీ గొలుసులు కడుతుంది, అక్కడ ఆగుతుంది. అందుకే నడిచేవాడి పాదం రెండంగుళాలు దిగి ఆగిపోతుంది.

చక్రం సంగతి వేరు. అది నిలబడటం లేదు, తిరుగుతోంది. ముందుకు తోసుకోవాలంటే వెనక్కి నెట్టడానికి ఏదో ఒకటి దొరకాలి. తారు రోడ్డు కదలదు కాబట్టి బండి కదులుతుంది. ఇసుకలో గొలుసులు తెగితే వెనక్కి పోయేది ఇసుకే. ఇంకాస్త తొక్కితే ఇంకాస్త ఇసుక పోతుంది. టైరు తన కింద గొయ్యి తానే తవ్వుకుంటుంది, ముందు పక్క ఇసుక గుట్టగా లేస్తుంది, చివరికి బండి పొట్ట నేలకు ఆనుతుంది. ఆ తర్వాత చక్రాల మీద బరువే ఉండదు, గాలిలో తిరిగినట్టే తిరుగుతాయి. ఇంజను ఎంత బలమైనదైతే గొయ్యి అంత తొందరగా తయారవుతుంది. కొత్త బండి యజమానికి ఇది చెప్పి ఒప్పించడం మాత్రం కష్టం.

వెనక రెండు చక్రాలు మాత్రమే తోసే కారుకు ఇంకో చిక్కుంది. వెనక చక్రాలు తోస్తుంటే ముందు చక్రాలు ఇసుకను దున్నుతూ పోవాలి. నాలుగూ లాగితే ముందువి తామే ఇసుక మీదికి ఎక్కే ప్రయత్నం చేస్తాయి. అంతవరకు ఫోర్‌వీల్ బండిది పైచేయే. కానీ రోడ్డు మలుపుల కోసం ప్రతి ఇరుసులోనూ పెట్టిన డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె ఇసుకలో ఎదురు తిరుగుతుంది. రెండు పక్కల చక్రాల్లో ఏది సులువుగా తిరిగితే తిప్పుడంతా దానికే పోతుంది. పట్టు ఉన్న చక్రం ఊరికే నిలబడి ఉంటే, పట్టు లేనిది గిరగిరా తిరుగుతుంది. ఎడారి బండ్లలో ఆ పెట్టెకు తాళం వేసే మీట ఉంటుంది, అది వేస్తే రెండు పక్కలా ఒకే వేగంతో తిరగక తప్పదు. ఇంత ఏర్పాటు ఉన్నా టైర్లలో 35 పెట్టుకుని దిగితే ఆ బండీ కుంగుతుంది.

గాలి తీస్తే ఏమవుతుంది

టైరు నేలను నొక్కే ఒత్తిడి దాదాపుగా దాని లోపలి గాలి ఒత్తిడికి సమానం. గట్టి సైడు వాల్ కొంత బరువు మోస్తుంది కాబట్టి లెక్క అచ్చంగా సరిపోదు గానీ అసలు సూత్రం ఇదే. లోపల గాలి తగ్గితే, అదే బరువు మోయడానికి టైరు ఎక్కువ నేలను ఆనుకోవాలి. ఆనుకునే చోటు పెరిగితే ఒక్కో రేణువు మీద పడే భారం తగ్గుతుంది, గొలుసులు తెగవు.

———
చిన్న లెక్క

బండి బరువు మనుషులతో, సామానుతో 2,400 కిలోలు అనుకుందాం. ఒక్కో టైరు మీద 600 కిలోలు.
గాలి 35 ఉంటే టైరు నేలను ఆనే చోటు దాదాపు 245 చదరపు సెంటీమీటర్లు.
గాలి 18కి దించితే దాదాపు 475.
బరువు తగ్గలేదు, ఇంజను మారలేదు, కానీ ఇసుక మీద ఒత్తిడి సగమైంది.
———

గాలి తీస్తే టైరు వెడల్పు పెరిగి పని జరుగుతుందని చాలామంది అనుకుంటారు. వెడల్పు పెరిగేది స్వల్పం. ముఖ్యంగా పెరిగేది పొడవు. నేలను ఆనిన ముద్ర ముందుకూ వెనక్కూ సాగుతుంది. ఆ పొడవే మేలు చేస్తుంది. ముందు భాగం ఇసుకను తొక్కి సర్దితే వెనక భాగం ఆ సర్దిన ఇసుక మీద నడుస్తుంది, కుంచాన్ని తట్టిన తర్వాతి బియ్యం లాగా. ట్రాక్టరు రహస్యమూ ఇక్కడే ఉంది. దాని వెనక చక్రం మనిషి ఛాతీ ఎత్తు వస్తుంది, అంత పెద్ద వలయం నేలను ఆనే ముద్ర సహజంగానే పొడుగు. పొలం టైర్లలో గాలి కూడా కారు టైర్ల కంటే బాగా తక్కువ పెడతారు. ఎడ్లబండికి చక్రాలు అంత ఎత్తుగా చేయడంలోనూ ఈ తెలివి ఉంది. చిన్న చక్రం గుంటలో పడుతుంది, పెద్దది గుంట మీదుగా దాటుతుంది.

ఎడారి జంతువులు ఈ లెక్కను పాదాల్లోనే పెట్టుకుని పుట్టాయి. ఒంటె పాదం కింద మెత్తటి తిత్తి ఉంటుంది, బరువు పడగానే పరుచుకుంటుంది. నమీబియా వాయవ్యాన కునేనే ప్రాంతంలో ఎడారి ఏనుగులు ఇసుక నిండిన ఏటి గర్భాల్లో తిరుగుతుంటాయి. ఐదు టన్నుల మగ ఏనుగు పాదం అడ్డంగా 45 సెంటీమీటర్లు ఉందనుకుంటే, నాలుగు కాళ్ళ మీద నిలబడినప్పుడు అది నేలను నొక్కే ఒత్తిడి టైరు భాషలో 11, 12కి మించదు. రోడ్డు మీది కారు నొక్కేదానిలో మూడోవంతు. ఏనుగు పాదంలో కొవ్వు, నార కలిసిన దిండు ఒకటి ఉంటుంది, అడుగు వేసినప్పుడు ఉబ్బి పరుచుకుంటుంది, ఎత్తినప్పుడు ముడుచుకుంటుంది. దిగబడినా కాలు సులువుగా బయటికి రావడానికి ఆ ముడుచుకోవడమే కారణం.

దించడానికి హద్దు ఉంది. 15కు కిందికి పోతే, మలుపు తిప్పినప్పుడు టైరు అంచు రిమ్ము నుంచి ఊడివచ్చే ప్రమాదం ఎక్కువవుతుంది. గాలి తీసిన టైరుతో తారు రోడ్డు మీద వేగంగా పోవడం ఇంకా ప్రమాదం. ప్రతి చుట్టులోనూ సైడు వాల్ మడిచి విప్పినట్టు నలుగుతుంది, ఆ నలుగుడు వేడిగా మారుతుంది, టైరు పేలుతుంది. నింపే పంపు లేనివాడు గాలి తీయకూడదని ఎడారి డ్రైవర్లు అనేది అందుకే. మధ్యాహ్నం ఎండకు టైర్లో గాలి వేడెక్కి ఒత్తిడి దానంతటదే పెరుగుతుంది, కాబట్టి పొద్దున కొలిచిన అంకె మధ్యాహ్నానికి పనికిరాదు. రాత్రి పడిన మంచు పై ఇసుకను కాస్త తడుపుతుంది కూడా. గడ్డు తిన్నెలను పొద్దున్నే దాటమని చెప్పడం వెనక ఈ రెండు కారణాలూ ఉన్నాయి.

ఒక సైనికుడి సరదా

ఈ విద్యను తీరుగా పరిశీలించి రాసిపెట్టినవాడు బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు, రాల్ఫ్ బాగ్నాల్డ్. 1920లలో ఈజిప్టులో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే స్నేహితులను వెంటేసుకుని మామూలు ఫోర్డు కార్లలో లిబియా ఎడారిలోకి పోయేవాడు. ఒంటెలు తప్ప ఏదీ దాటలేదనుకున్న ఇసుక సముద్రాన్ని కార్లతో దాటాడు. టైర్ల గాలి తగ్గించడం, దిగబడిన చక్రాల కింద పొడుగాటి ఉక్కు రేకులు పరచడం, రేడియేటర్లో మరిగి ఆవిరయ్యే నీటిని డబ్బాలోకి మళ్ళించి చల్లార్చి తిరిగి వాడుకోవడం వాళ్ళు వాడిన ఉపాయాలు. 1940లో యుద్ధం ఎడారికి చేరినప్పుడు లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనే దళాన్ని ఆయనే పెట్టాడు. శత్రువు దారే లేదనుకున్న వైపు నుంచి ఆ దళం వచ్చేది.

ఆయన సైనిక జీవితం కంటే నాకు ఆసక్తి కలిగించేది, ఆ కార్ల ప్రయాణాలు ఆయనలో రేపిన కుతూహలం. స్వదేశానికి పోయి గాలి సొరంగం ఒకటి తానే కట్టుకుని, ఇసుక గాలికి ఎలా ఎగురుతుందో, తిన్నెలు ఎలా పుడతాయో చూశాడు. 1941లో ఆ పరిశీలనల పుస్తకం వచ్చింది, ఇప్పటికీ శాస్త్రవేత్తలు దాన్ని తిరగేస్తూనే ఉన్నారు. అంగారకుడి మీద క్యూరియాసిటీ రోవరు పరిశీలించిన నల్లటి ఇసుక తిన్నెలకు బాగ్నాల్డ్ పేరే పెట్టారు.

డ్రైవర్లకు పనికొచ్చేది అందులో ఒకటుంది. తిన్నెకు గాలి వచ్చే వైపు వాలు గట్టిగా ఉంటుంది, గాలి దాటి పడే వైపు వాలు మెత్తగా ఉంటుంది. గాలి వైపున ఎగిరివచ్చే రేణువులు ఒక్కొక్కటే వచ్చి నేలకు తగులుతూ కిందివాటిని సర్దుతాయి. అవతలి వైపున రేణువులు శిఖరం మీంచి జారి వదులుగా గుట్టపడతాయి, దాదాపు 34 డిగ్రీల వాలులో నిలుస్తాయి. దాని మీద చక్రం పెడితే ఇక అంతే. మన తీరంలో సరుగుడు తోటల ముందు గాలి పేర్చిన చిన్న తిట్టెల మీద నడిచినా, సముద్రం వైపు, ఊరి వైపు పాదానికి తేడా తెలుస్తుంది.

తడి చేసే మాయ

ఇక నీటి సంగతి. తీరంలో ఊరివైపు నుంచి అలల వైపు నడుస్తూ పోతే మూడు రకాల ఇసుక తగులుతుంది. పైన పొడి ఇసుక, చీలమండ దాకా దిగుతుంది. తర్వాత పోటు తాకి వెనక్కి పోయిన తడి పట్టీ, సైకిలు కూడా నడుస్తుంది. అలల అంచున మళ్ళీ మెత్తన. మూడూ ఒకే ఇసుక, తేడా అంతా నీటి పాళ్ళలోనే.

కొద్దిపాటి తడి ఉన్నప్పుడు రేణువులు ఆనుకున్న ప్రతిచోటా నీరు చిన్న వంతెనలా నిలుస్తుంది. నీటి ఉపరితలానికి ముడుచుకునే గుణం ఉంది కదా, అది రెండు రేణువులనూ దగ్గరికి లాగి పట్టుకుంటుంది. పిల్లలు కట్టే ఇసుక గూళ్ళు నిలబడేది ఈ పట్టుతోనే. నీరు పూర్తిగా నిండిపోతే వంతెనలు మాయమై రేణువులు నీటిలో తేలినట్టవుతాయి, పట్టు పోతుంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రజ్ఞులు 2014లో దీన్ని కొలిచారు. ఇసుక మీద బరువైన జారుడు బండిని లాగితే, సరైన పాళ్ళలో తడిపినప్పుడు లాగే బలం పొడి ఇసుకతో పోలిస్తే సగానికి తగ్గింది. పొడి ఇసుకలో బండి ముందు పోగుపడే గుట్ట తడి ఇసుకలో పోగుపడదు. దాదాపు 3,900 ఏళ్ళ నాటి ఈజిప్టు సమాధి చిత్రంలో, భారీ విగ్రహాన్ని లాగుతున్న జారుడు బండి ముందు భాగంలో నిలబడి ఒకడు ఇసుక మీద నీళ్ళు పోస్తుంటాడు. అదేదో పూజాక్రతువు అని చాలాకాలం అనుకున్నారు.

తడి పట్టీ మీద నిలబడినప్పుడు మీరు గమనించే ఉంటారు, పాదం మోపగానే చుట్టూ ఇసుక ఒక్కసారి తెల్లబడి ఆరినట్టవుతుంది, కాలు తీయగానే అక్కడ నీరు ఊరుతుంది. మాంచెస్టర్ ఆచార్యుడు ఆస్బర్న్ రేనాల్డ్స్ 1885లో దీనికి కారణం చెప్పాడు. అలలు బాగా సర్దిన ఇసుక అది. సర్దుకున్న గింజలు పక్కలకు కదలాలంటే ఒకదాని మీంచి ఒకటి ఎక్కి దాటాలి, అంటే మొత్తం ఇసుక కాస్త ఉబ్బాలి. ఉబ్బితే ఖాళీలు పెరుగుతాయి, పైనున్న నీరు ఆ ఖాళీల్లోకి పీల్చుకుపోతుంది. ఇసుక ఆరడం లేదు, లోపలికి తాగుతోంది. ఆ పీల్పే ఆ క్షణంలో ఇసుకను మరింత గట్టిపరుస్తుంది. అదే చోట బండి ఆపి ఇంజను ఆడిస్తూ ఉంచితే కథ మారుతుంది. సన్నని కుదుపుకు నీరు నెమ్మదిగా పైకి చేరి, రేణువులు విడిపోయి, నిలిచిన బండి తనంతట తాను కుంగుతుంది. దాదాపు ఆరేసి గంటలకు పోటూ పాటూ మారే తీరంలో, పాటు వేళ గట్టిగా ఉందని దిగినవాడికి పోటు వేళ ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఒక్కో అల వెనక్కి పోతూ టైరు కింది ఇసుకను కొంచెం కొంచెం కడుక్కుపోతుంది.

ఇసుక కంటే మోసకారి నేల ఇంకొకటుంది. సముద్రం ఒడ్డు ఊళ్ళలో పర్రలు అందరికీ తెలుసు. వేసవిలో పైన ఎండి, ఉప్పు పేరి, పగుళ్ళిచ్చి మైదానంలా కనబడతాయి. కింద బురద ఎప్పటిదప్పుడే. బోట్స్వానాలో మక్గడిక్గడి అని వేల చదరపు కిలోమీటర్ల ఉప్పు మైదానం ఉంది, ఒకప్పటి మహా సరస్సు అడుగు. అదీ ఇంతే. పైపెంకు మనిషిని మోస్తుంది, బండిని మోసినట్టే మోసి హఠాత్తుగా వదిలేస్తుంది. ఇక్కడ గాలి తీసినా పెద్దగా లాభం లేదు, ఎందుకంటే బురదకు ఇసుకలా సర్దుకునే గుణం లేదు. నాసా వారి స్పిరిట్ రోవరు 2009లో అంగారకుడి మీద ఇలాంటి పైపెంకునే నమ్మి కింది వదులు మట్టిలో దిగబడింది. దాన్ని బయటికి లాగలేకపోయారు. మరుసటి ఏడాది మార్చి తర్వాత దాని నుంచి కబురు రాలేదు. అక్కడ తాడు తెచ్చే ఊరివాళ్ళు లేరు మరి.

———
దిగబడితే

మొదట యాక్సిలరేటరు మీంచి కాలు తీయాలి. ఇదే అన్నిటికన్నా కష్టం.
మనుషులు దిగాలి, బరువు తగ్గుతుంది.
టైర్ల ముందూ వెనకా పేరుకున్న ఇసుకను చేత్తోనో పారతోనో తీసేయాలి. పొట్ట ఆనితే పొట్ట కింద కూడా.
గాలి 18 లేదా 16 దాకా దించాలి.
ముందుకు పోవడం కంటే వచ్చిన జాడలోనే వెనక్కి రావడం సులువు, అది అప్పటికే సర్దుకున్న ఇసుక.
టైరు కింద కొబ్బరి మట్టలు, ఎండుగడ్డి, కారులోని మ్యాట్లు ఏవైనా పరచవచ్చు. లంక దారుల్లో ఇసుక మీద మట్టలు, గడ్డి పరిచే ఉపాయం, బాగ్నాల్డ్ ఉక్కు రేకులు ఒకే పని చేస్తాయి.
తాడు కట్టి లాగేటప్పుడు దాని దారిలో ఎవరూ నిలబడకూడదు. తెగిన తాడు, ఊడిన కొక్కెం ప్రాణం తీయగలవు.
బయటపడ్డాక ఆగాలంటే బ్రేకు వేయకూడదు, ఊరికే వదిలేస్తే ఇసుకే ఆపుతుంది. బ్రేకు వేస్తే టైరు ముందు మళ్ళీ గుట్ట లేస్తుంది.
———

గుడారం వేసే చోటు

నమీబియాలో హోనిబ్, హోరుసిబ్, హువాబ్ అనే ఏళ్ళున్నాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు వాటిలో నీరు కనబడదు, ఇసుకే పారుతున్నట్టుంటుంది. రెండు గట్ల మధ్య చల్లటి చెట్లు, చదునైన మెత్తటి ఇసుక. కొత్తగా వచ్చినవాడికి గుడారానికి ఇంతకన్నా మంచి చోటు లేదనిపిస్తుంది. తెలిసినవాళ్ళు అక్కడ మాత్రం వేయరు.

మొదటి కారణం ఏనుగులు. ఏటి ఇసుక కింద నీరుంటుంది. పై పొర ఎండిపోయాక అదే మూతలా పనిచేస్తుంది, రేణువుల మధ్య తడి గొలుసు తెగిపోతుంది కాబట్టి కింది నీరు పైకి ఎక్కి ఆవిరైపోయే దారి మూసుకుపోతుంది. ఎండాకాలం గోదావరి ఇసుకలో చెలమ తవ్వితే తేట నీరు ఊరేది ఈ కారణంగానే. ఎడారి ఏనుగులు కాళ్ళతో, తొండాలతో అదే పని చేస్తాయి. అవి తాగి పోయాక మిగతా జంతువులు ఆ గుంటలకు చేరతాయి. సింహాలు కూడా వాటి వెనకే ఆ దారి పడతాయి. అంటే ఆ ఏటి గర్భం రాత్రంతా జంతువులు నడిచే వీధి. అక్కడ గుడారం వేస్తే మనకు ప్రమాదం ఒక ఎత్తు, దాహంతో మైళ్ళు నడిచి వచ్చిన ప్రాణి మన దీపం చూసి వెనక్కి పోవడం ఇంకో ఎత్తు. నీటి గుంటకు దగ్గరగా విడిది చేయకూడదన్న కట్టడి అందుకే. బండి పైకప్పు మీద విప్పుకునే గుడారాలకు ఆ దేశాల్లో అంత గిరాకీ ఉండటానికి కారణం కూడా రాత్రిపూట కింద తిరిగేవాళ్ళే.

రెండో కారణం వరద. దూరంగా ఎగువ కొండల్లో కురిసిన వాన, ఇక్కడ చుక్క పడకుండానే ఏటిలో గోడలా దిగుతుంది. లంక గ్రామాల వాళ్ళకు దీన్ని వివరించనక్కర్లేదు. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ఆ నీరు ధవళేశ్వరం దాటి పాయల్లోకి దిగేటప్పటికి కోనసీమలో ఎండ కాస్తూ ఉన్నా లంకలు మునగక తప్పదు. గోదావరి పెద్ద నది, ముందుగా హెచ్చరిక వస్తుంది, పడవలు కదులుతాయి. ఎడారి ఏరు చిన్నది, హెచ్చరించేవారుండరు, ఎండిన నేల కొట్టుకుపోయే నీటిని వెంటనే పీల్చుకోలేదు.

చక్రాల జాడ

బండి దిగబడే పొడి ఇసుక పట్టీ ఉంది చూశారూ, దాని మీద వేరొకరికి హక్కుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు శీతాకాలం చివర, వేసవి మొదట్లో మన తీరానికి వచ్చి గుడ్లు పెట్టేది పోటు అందని ఆ వదులు ఇసుకలోనే. తల్లి వెనక కాళ్ళతో ఒకటిన్నర అడుగు లోతు గొయ్యి తవ్వి, నూరుకు అటూఇటూగా గుడ్లు పెట్టి, పూడ్చి, సముద్రంలోకి పోతుంది. తర్వాత ఏడెనిమిది వారాలు ఆ పిల్లలకు దిక్కు ఇసుకే. పైన మధ్యాహ్నం కాలు పెట్టలేనంత కాలుతున్నా ఆ లోతులో వేడి దాదాపు నిలకడగా ఉంటుంది, రేణువుల మధ్య గాలి ఎంత మంచి కప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. గూడు వేడిని బట్టే పుట్టేది ఆడా మగా అన్నది తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగవి. గుడ్లు పెంకులోంచి ఊపిరి పీల్చాలి, పీల్చడానికి ఆ ఖాళీల్లోని గాలే కావాలి. చక్రం ఇసుకను సర్దితే ఆ ఖాళీలు మూసుకుంటాయి. బండికి మంచిదైన ప్రతి గుణమూ గూడుకు చెడ్డదే.

జాడ చేసే నష్టం ఇంకోటుంది. టైరు వదిలిన చాలు మనకు నాలుగైదు అంగుళాల గుంట. అంగుళంన్నర పొడుగున్న పిల్లకు అదొక లోయ. రాత్రి గూడు వదిలిన పిల్లలు వెలుతురున్న సముద్రం వైపు పాకుతూ ఆ చాలులో పడి, గోడ ఎక్కలేక, చాలు వెంబడే తీరం పొడుగునా నడుస్తాయి. ఆలోగా పీతలు, కాకులు, కుక్కలు కాచుకుని ఉంటాయి. పొద్దెక్కితే ఎండ మిగిల్చేదేమీ ఉండదు. అమెరికా తీరాల్లో చేసిన పరిశీలనల్లో ఇది స్పష్టంగా తేలింది, మన తాబేళ్ళకు వేరే న్యాయం ఉండదు. జనవరి నుంచి మే దాకా పై పట్టీలో బండి దించకపోవడం, పాటు వేళ, పగటి పూట తడి పట్టీకే పరిమితం కావడం తీరం మీద బండి సరదా ఉన్నవాళ్ళు పాటించగల కనీస మర్యాద. తడి పట్టీ మీది జాడను వచ్చే పోటు తుడిచేస్తుంది కూడా.

నమీబ్‌లో తుడిచేవాళ్ళు లేరు. అక్కడి కంకర మైదానాల మీద వాన దాదాపు పడదు, సముద్రపు పొగమంచు తడితో బతికే రాతిపూలు తివాచీలా పరుచుకుని ఉంటాయి. అవి ఎదగడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది, వాటి మీద ఒకసారి పోయిన చక్రం గుర్తు దశాబ్దాలు నిలుస్తుంది. డమారా టెర్న్ అనే చిన్న పక్షి అదే కంకరలో గూడు కట్టకుండా, నేల రంగులో కలిసిపోయే గుడ్డు పెడుతుంది, డ్రైవరుకు కనబడదు. 2010లో ఆ తీరంలో పెద్ద భాగాన్ని డొరోబ్ జాతీయ ఉద్యానంగా ప్రకటించి, బండ్లు ఎక్కడ పోవచ్చో ఎక్కడ పోకూడదో గీతలు గీశారు. సోసుస్‌వ్లే ఎర్ర తిన్నెల దగ్గర చివరి ఐదు కిలోమీటర్లు ఫోర్‌వీల్ బండ్లకు తప్ప మిగతావాటికి దారి లేదు. మామూలు కార్ల వాళ్ళు అక్కడి బండి ఎక్కాలి, లేదా నడవాలి. పాత జాడ ఉన్నచోట కొత్త బండి పక్కనుంచి కొత్త దారి తీయకూడదు, ఆ జాడలోనే పోవాలి అన్నది ఎడారి యాత్రికులందరూ ఒప్పుకున్న నియమం. అది రాతిపూల కోసం పుట్టిన నియమమే గానీ, గాలి తీసిన టైరుకూ అదే సులువైన దారి. ముందు పోయిన చక్రాలు అక్కడి ఇసుకను దిమ్మిస కొట్టి పెట్టాయి కదా.